నాయినకు చెవి మిషన్ పెట్టించినం, ఎదురుంగ ఉంటే ఇంటుండు, ఫోన్ల మాత్రం ఇనపడతలేదు

హాలియా_బిడ్డ
ఆదివారం, రాత్రి 9:12

అందరికి నమస్తే. మా నాయినకు 68 ఏండ్లు. మిర్యాలగూడల రైస్ మిల్లుల 31 ఏండ్లు పనిచేసిండు. మిల్లు మానేసి ఆరేండ్లయింది గని, చెవులు అంతకు ముందు నుంచే పోతున్నయి. మాకు తెలుసుడే ఆలస్యమైంది. పిలిస్తే పలుకకపోతే కోపంల ఉన్నడు కావచ్చు అనుకునేటోళ్లం.

పోయిన దసరాకు రెండు చెవులకు మిషన్లు తీసుకున్నం, చెవి ఎనక పెట్టుకునేటియి. 46 వేలయినయి. ఇంట్ల మంచిగనే ఇంటుండు. అమ్మ వంటింట్లకెళ్లి పిలిస్తే పలుకుతుండు. మా పాప వేమన పద్యం అప్పజెప్తుంటే మధ్యల ఒక మాట తప్పువోయింది, అది పట్టి చెప్పిండు. ఆ రోజు మా ఇంట్ల పండుగే.

ఫోన్ కాడికొచ్చేసరికి మళ్ల మొదటికే. నేను హైదరాబాద్‌ల ఉంట, రోజు ఏడున్నరకు ఫోన్ చేస్త. ‘బాగున్నవా బిడ్డా’ అంటడు. నేను ఏదో చెప్తుంట. అవతల సప్పుడుండది. కొద్దిసేపాగి ‘ఇగో మీ అమ్మకిస్తున్న’ అంటడు. ఇప్పుడైతే ఆ మాట గూడ లేదు, ఫోన్ మోగంగనే అమ్మ చేతుల పెడుతుండు. మూడు నెలలాయె మా నాయినతోని ఫోన్ల నాలుగు మాటలు మాట్లాడక.

మిషన్ ఇచ్చిన దుకాణమాయనను అడిగితే ‘అలవాటు కావాలె’ అని సౌండ్ పెంచి పంపిండు. పెంచినంక ఫోన్ దగ్గరికి రాంగనే కుయ్యిమని ఈల. ఇట్ల ఎవరింట్లనన్న అయిందా? ఏం జేసిండ్రో చెప్పుండ్రి.

జడ్చర్ల_జంక్షన్
ఆదివారం, రాత్రి 9:40

అక్కా, ఒక్క ముచ్చట చెప్పు. నాయిన ఫోన్ ఏడ పెట్టి ఇంటుండు? చెవి రంధ్రం మీదనా?

హాలియా_బిడ్డ
ఆదివారం, రాత్రి 9:44

అవునన్నా, అందరు పెట్టినట్టే. ఇంకేడ పెడ్తరు? ఒక్కోసారి మిషన్ తీసి జేబుల ఏసుకొని వట్టి చెవికి పెట్టి చూస్తడు. అప్పుడు అసలుకే ఇనపడదు.

జడ్చర్ల_జంక్షన్
ఆదివారం, రాత్రి 9:58

ఆడ్నే ఉంది అక్కా తకరారు. మా మామకు గూడ ఏడాది గట్లనే నడిచింది. మిషన్ ఎనకాల ఉన్నప్పుడు ఇనేది చెవి రంధ్రం కాదు, మిషన్ ఇంటది. దాని మైకు మీద కొసకు, చెవి పైభాగంల, అద్దాల కాడ ఆనేటి దగ్గర ఉంటది. ఫోన్ల మాట వచ్చే సన్నపు జాలీ ఆడికి తేవాలె. అంటే ఫోన్‌ను రెండు మూడు వేళ్లంత పైకి జరిపి, కొంచెం ఎనక్కి వంచి పట్టాలె. చూసేటోళ్లకు ఫోన్ తలకు పెట్టుకున్నట్టు కొడుతది. మా మామ మొదట్ల సిగ్గుపడి పట్టలేదు. బస్టాండుల నలుగురు చూస్తరని.

చెవిపరీక్ష_మహబూబ్‌నగర్
సోమవారం, ఉదయం 7:05

నేను ఆడియాలజిస్ట్‌ని, పన్నెండేళ్లుగా ఇదే పని. జడ్చర్ల అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు సరైంది. నా దగ్గరికి ‘ఫోన్‌లో వినపడట్లేదు’ అని వచ్చేవాళ్లలో చాలామందికి నేను మిషన్‌ను ముట్టుకోను. ముందు నా ఫోన్ నుంచి వాళ్ల ఫోన్‌కు రింగ్ ఇచ్చి, పక్క గదిలోకి వెళ్లి మాట్లాడుతూ, మా అసిస్టెంటుతో ఆ ఫోన్‌ను చెవి చుట్టూ మెల్లగా తిప్పిస్తాను. ఒక చోటికి రాగానే ముఖం మారుతుంది. ఆ చోటే వాళ్ల చోటు.

అమ్మా, ఈల గురించి. మిషన్ లోపలికి పంపే శబ్దం కొంత చెవి అచ్చు (చెవి కొలతకు చేసి రంధ్రంలో పెట్టే ముక్క) పక్క నుంచి బయటికి కారుతుంది. ఫోన్ లాంటి చదునైన వస్తువు దగ్గరికి రాగానే అది తగిలి మళ్లీ మైకులోకి దూరుతుంది, మిషన్ దాన్నే మళ్లీ పెంచుతుంది, అదే ఈల. సౌండ్ పెంచితే ఈల పెరుగుతుంది కానీ మాట పెరగదు. ఫోన్‌ను చెవికి ఒత్తకుండా వేలెడు సందు వదిలి పట్టమనండి. అచ్చు వదులైతే కొత్తది చేయించండి. వయసు మీద పడి బుగ్గలు తగ్గినవాళ్లకు పాత అచ్చు వదులవుతుంది.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇది మీ నాయనగారి పనికి సంబంధించింది. ఏళ్ల తరబడి మిల్లు మోతలో ఉన్నవాళ్ల చెవి గ్రాఫ్‌లో 4000 హెర్ట్‌జ్ (శబ్దం ఎంత సన్ననిదో చెప్పే కొలత) దగ్గర గుంత కనిపిస్తుంది. తర్వాత వయసు వచ్చి ఆ పైదంతా కిందికి లాగుతుంది. మామూలు ఫోన్ కాల్ మోసేది 300 నుంచి 3400 హెర్ట్‌జ్ దాకానే. ‘స’ అక్షరం బలం ఎక్కువగా 4000 పైనే ఉంటుంది. అంటే ఆయనకు అసలే బలహీనమైన చోట ఫోన్ లైన్ కూడా కోత కోస్తుంది. ‘సంతకు పోయినవా’ అంటే ‘అంతకు పోయినవా’ అని చేరుతుంది. గొంతు వినపడుతుంది, అచ్చులు వినపడతాయి, హల్లులు రాలిపోతాయి. అందుకే ఆయన నోట ‘ఏదో అంటుంది, ఏమంటుందో తెలవదు’ అనే మాట వస్తుంది. అరిచినా అదే కథ, అచ్చులే పెద్దగా వస్తాయి.

ఎదురుగా ఉన్నప్పుడు ఆయన సగం మీ పెదవులు చూసి అందుకుంటున్నారు. ఫోన్‌లో పెదవులు లేవు.

ఒక పని చేయండి. మీ ఇద్దరి ఫోన్లలో 4జీ వోల్టీ (4జీ మీదనే కాల్ నడిపే పద్ధతి) ఆన్‌లో ఉందో లేదో చూడండి. రెండు వైపులా ఉంటే హెచ్‌డీ కాల్ అవుతుంది, 7000 హెర్ట్‌జ్ దాకా వస్తుంది. ‘స’కు ప్రాణం పోసినట్టు ఉంటుంది. ఇద్దరిలో ఎవరు 2జీలో ఉన్నా మళ్లీ పాత కోతే.

హాలియా_బిడ్డ
సోమవారం, ఉదయం 7:31

సార్, ‘ఏదో అంటుంది, ఏమంటుందో తెలవదు’. మా నాయిన అచ్చం ఇదే మాట అన్నడు. నేను దాన్ని విసుగు అనుకున్న.

మక్తల్_కృష్ణ_ఒడ్డు
సోమవారం, మధ్యాహ్నం 1:20

మా అమ్మది ఇంకో తీరు బాధ. మేం ఇద్దరం అన్నదమ్ములం ముంబైల సెంట్రింగ్ పని మీద ఉంటం. అమ్మ ఊర్ల ఒక్కతే. బతుకు బాగోగులన్ని ఫోన్ మీద్నే. అమ్మ కాడ పాత కీప్యాడ్ ఫోను. చెవి మిషన్ పెట్టుకొని ఫోన్ పట్టంగనే డర్‌ర్‌ర్ డర్‌ర్‌ర్ అని గొట్టినట్టు మోత. తేనెటీగల తుట్టె చెవుల పెట్టినట్టుంది బిడ్డా అనేది. మిషన్ ఖరాబైందని రెండు సార్లు బాగు చేయించినం. దేవుని దయతోని ఇంకో మిషన్ కొనకముందే తెలిసింది, అది మిషన్ తప్పు కాదు.

2జీ ఫోన్ మాటను ఒక్కతీరుగ పంపదట, ముక్కలు ముక్కలుగ పంపుతది, సెకనుకు 217 సార్లు. ఆ కొట్టుడు మిషన్ల ఉన్న తీగలకు తగిలి డర్‌ర్‌ర్ అంటది. రేడియో పక్కన పాత ఫోన్ పెడితే కాల్ రాకముందే టిక్కుటిక్కుమంటది చూడుండ్రి, అదే కథ. 4జీల ఆ మోత చానా తక్కువ. అమ్మకు 4జీ కీప్యాడ్ ఫోనే కొనిచ్చినం, గుండీలు గుండీలే ఉన్నయి, నేర్చుకునే పని పడలేదు. మోత పోయింది.

చెవిపరీక్ష_మహబూబ్‌నగర్
సోమవారం, మధ్యాహ్నం 2:02

మక్తల్ తమ్ముడు చక్కగా చెప్పాడు. దానికే అమెరికాలో ఫోన్లకు గ్రేడ్లు పెట్టారు. ఎం3, ఎం4 అంటే మైకుతో వాడితే మోత తక్కువ, టీ3, టీ4 అంటే టెలికాయిల్‌తో బాగా పలుకుతుంది. మన దగ్గర కొనేటప్పుడు ఇంతకంటే సులువైన పరీక్ష ఉంది. మిషన్ పెట్టుకుని దుకాణానికి వెళ్లండి, ఆ ఫోన్‌లో మీ సిమ్ వేసి ఒక కాల్ మాట్లాడి చూడండి. ఒప్పుకోని దుకాణంలో కొనకండి.

టెలికాయిల్ సంగతి. చాలా బీటీఈ (చెవి వెనక పెట్టుకునే) మిషన్లలో సన్నటి రాగి తీగ చుట్ట ఒకటి ఉంటుంది. ఫోన్ ఇయర్‌పీస్ నుంచి వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని అది పట్టుకుంటుంది. ఆ ప్రోగ్రాంలో మైకు ఆగిపోతుంది కాబట్టి ఈల ఉండదు, పక్కన ట్రాక్టర్ పోతున్నా వినపడదు, ఫోన్‌లో మాట ఒక్కటే వస్తుంది. కానీ దుకాణంలో దాన్ని ఆన్ చేసి ఇవ్వకపోతే ఉండీ లేనట్టే. అడిగి పెట్టించుకోవాలి. చెవి లోపల పూర్తిగా దూరిపోయే చిన్న మిషన్లలో చాలా వాటికి చోటు చాలక ఈ చుట్ట ఉండదు.

నకిరేకల్_సుధాకరన్న
సోమవారం, సాయంత్రం 6:15

ఇంత తిప్పలెందుకమ్మా. స్పీకర్ ఆన్ చేసి ఎదురుంగ పెట్టుకొని మాట్లాడితే అయిపాయె. మా ఇంట్ల అదే నడుస్తది.

హాలియా_బిడ్డ
సోమవారం, సాయంత్రం 6:50

అన్నా, స్పీకర్ పెట్టి చూసినం. నాయిన ఒప్పుకుంటలేడు. మా ఇల్లు బజారు మీద, అరుగు మీద ఎప్పుడు నలుగురుంటరు. నేను పాప ఫీజు సంగతో, మా ఇంట్ల కిరికిరో చెప్తే అందరింటరు. పోయినసారి మా అత్తగారింటి ముచ్చట స్పీకర్‌ల పోయింది. తెల్లారి మంగలి కాడ నాయినను దాని గురించి అడిగిన్రట. నాయిన ఆ రోజు నుంచే ఫోన్ ముట్టుడు తగ్గించిండు అని ఇప్పుడు అనిపిస్తుంది.

నకిరేకల్_సుధాకరన్న
సోమవారం, సాయంత్రం 7:02

అది నేను ఆలోచన చేయలేదు చెల్లె. నిజమే. పెద్దమనిషికి గూడ తన ముచ్చట తనకు ఉండాలె.

వనపర్తి_చెవులు
సోమవారం, రాత్రి 8:30

ఇది మా ఇంటి పెద్దల సంగతి కాదు, నా సంగతి. నాకు 34 ఏండ్లు. తొమ్మిదో ఏట నుంచి మిషన్ పెట్టుకుంటున్న. మొదటిది జేబుల పెట్టుకునే డబ్బా, దానికెళ్లి చెవికి తీగ. స్కూల్‌ల పిల్లలు రేడియో అనేటోళ్లు. ఇప్పుడు సర్కారు ఆఫీసుల గుమాస్తా, రోజు ఫోన్ మీద్నే పని. టెలికాయిల్ తోని పదేండ్లు ఎల్లదీసిన, ఇప్పుడు బ్లూటూత్.

ఇక్కడ అందరు మిషన్ గురించి, ఫోన్ గురించి రాస్తున్నరు. ఫోన్ చేసేటోళ్ల గురించి నేను రాస్త, ఎందుకంటే సగం పని వాళ్ల చేతిలనే ఉంది.

అరవకుండ్రి. అరిస్తే మా మిషన్ ఆ శబ్దాన్ని ఠక్కున అణిచేస్తది, లేకపోతే మా చెవులు కాలకుండ ఉండదు. ఫోన్ సౌండ్ నిండ పెట్టినా అంతే, మాట గరగర అయితది. మామూలు గొంతుతోని, కొంచెం నెమ్మదిగ, మాటకు మాటకు సందు ఇచ్చి మాట్లాడుండ్రి.

మీరెవరో, దేని గురించి చేసిండ్రో ముందే చెప్పుండ్రి. ‘నాయినా, నేను, పాప ఫీజు గురించి’ అంటే మా మెదడు ఫీజుకు సంబంధించిన మాటలన్ని ముందట పరుచుకొని కూసుంటది. అందులకెళ్లి సగం ఇనపడ్డా నిండుగ అందుతది. ఎత్తుకోంగనే ‘ఏమాయె, అది అయిందా?’ అంటే మేం చీకట్ల తడుముకున్నట్టే. ‘పదిహేను’ను ‘పదిహేడు’ అనుకున్న రోజులు నాకు లెక్కలేనన్ని, కాబట్టి అంకెలు విడివిడిగ, ఒకటి, ఐదు అని.

ఇగ అన్నిటికంటే ముఖ్యం. ‘ఏమన్నవ్?’ అని అడిగితే ‘ఏం లేదు తీయ్’ అనకుండ్రి. మీకు అది చిన్న మాట. మాకు అది తలుపు మూసినట్టు. రెండోసారి అదే మాట అట్లనే చెప్పకుండ్రి గూడ, మార్చి చెప్పుండ్రి. ‘సంతకు పోయినవా’ అందకపోతే ‘కూరగాయలు తెచ్చినవా, అంగడికి పోయినవా’ అనుండ్రి. ఒక మాటల రాలిన అక్షరం ఇంకో మాటల దొరుకుతది.

అక్కా, మీ నాయిన ‘మీ అమ్మకిస్తున్న’ అన్నది మీ మీద ప్రేమ లేక కాదు. మూడోసారి ‘ఏమన్నవ్’ అనుడు ఇష్టం లేక. నేను ఎన్నిసార్లు అట్ల ఫోన్ పక్కోళ్లకిచ్చిన్నో.

హాలియా_బిడ్డ
సోమవారం, రాత్రి 8:55

అన్నా, మీ పోస్టు మా ఆయనకు, మా తమ్మునికి గూడ చదివి ఇనిపించిన. ‘ఏం లేదు తీయ్’ అని మేం ముగ్గురం రోజు అంటున్నం.

మర్రిగూడ_నుంచి
మంగళవారం, ఉదయం 10:40

మా అమ్మది మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ గురించి మీకందరికి తెలుసు. మిషన్ భగీరథ నీళ్లు రాకముందు అమ్మ నలభై ఏండ్లు బోరు నీళ్లే తాగింది. మెడ తిరగదు, భుజం లేవదు, చెయ్యి దవడ దాకా వస్తది గని చెవి మీదికి పోదు. జడ్చర్ల అన్న చెప్పినట్టు ఫోన్ పైకి జరిపి పట్టుమంటే ఆమెకు అయ్యే పని కాదు. ఆమెకున్న దారి ఒక్కటే, ఫోన్ మాట సక్కగ మిషన్లకు పోవాలె. అందుకే అప్పు చేసైనా బ్లూటూత్ ఉన్న మిషన్లు తీసుకున్నం.

తీసుకున్నంక తెలిసిన సంగతులు రాస్తున్న, ఎవరికన్న పనికొస్తయి. బ్లూటూత్ అంటే అన్ని ఒక్కటి కాదు. ఐఫోన్‌కు వేరే పద్ధతి, అది 2013 నుంచి ఉంది. ఆండ్రాయిడ్‌ల ‘ఆశా’ అనే పద్ధతి ఉంది, ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లల్ల వస్తుంది గని పదో నంబర్ ఉన్న ప్రతి ఫోన్‌ల ఉంటదని లేదు. కొన్ని మిషన్లు మామూలు బ్లూటూత్ ఇయర్‌ఫోన్ లెక్క ఏ ఫోన్‌కైనా కలుస్తయి. ఇప్పుడు ఎల్ఈ ఆడియో అని కొత్తది నడుస్తుంది. మిషన్ ఏ పద్ధతిదో, ఫోన్ ఏ పద్ధతిదో రెండు పక్కపక్కన పెట్టి చూసుకున్నంకనే పైసలు కట్టుండ్రి. మేం ముందు ఫోన్ కొన్నం, తర్వాత మిషన్ కొన్నం, రెండు కలవలేదు. ఫోన్ మార్చాల్సి వచ్చింది.

ఇంకోటి. కలిసినంక మొదటి రోజు నేను ఫోన్ చేస్తే అమ్మకు నా మాట గంట కొట్టినట్టు ఇనపడుతుంది, నాకు అమ్మ మాట బాయిలకెళ్లి వచ్చినట్టు ఉంది. అమ్మ ఫోన్‌ను మంచం మీద పెట్టి దూరంగ కుర్సీల కూసుంది. చాలా మిషన్లల్ల అవతలి మాట మిషన్లకు వస్తది గని, మన మాట పోయేది ఫోన్ మైకుకెళ్లే. అందుకే ఫోన్ నోటి దగ్గర ఉండాలె. ఇప్పుడు అమ్మ మెడల ఒక సంచి కుట్టించుకుంది, చీర కొంగు ముక్కతోని, ఫోన్ అందుల తలకిందులుగ ఏస్తది, మైకు పైకి ఉండెటట్టు. చెయ్యి లేపే పనే లేదు. రెండు చెవులల్ల మాట వస్తది కాబట్టి ఒక్క చెవిల విన్నదానికంటే బాగ అందుతుంది అంటది.

పోయిన నెల మా చిన్నమ్మ సచ్చిపోయిన కబురు ఆమెనే ఫోన్ల విని, ఆమెనే మాకు చెప్పింది. ఐదేండ్లల్ల ఇంట్లకు వచ్చిన ఏ కబురు ఆమెకు ముందు తెలిసింది లేదు.

జడ్చర్ల_జంక్షన్
మంగళవారం, ఉదయం 11:15

అన్నా, ఆ సంచి ముచ్చట మా మామకు గూడ చెప్త. మా ఫోన్‌ల ఈ ‘ఆశా’ ఉందా లేదా ఎట్ల తెలుస్తది?

చెవిపరీక్ష_మహబూబ్‌నగర్
మంగళవారం, మధ్యాహ్నం 12:30

సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరవండి. అక్కడ ‘హియరింగ్ ఎయిడ్స్’ లేదా ‘హియరింగ్ డివైసెస్’ అని ఉంటే దాంట్లోంచి జత చేసి చూడండి. ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెడుతుంది కాబట్టి దొరక్కపోతే సెట్టింగ్స్ పైన వెతికే గడిలో ‘హియరింగ్’ అని కొట్టండి. కాల్ సెట్టింగ్స్‌లో ‘హియరింగ్ ఎయిడ్ కంపాటిబిలిటీ’ అని ఇంకోటి కొన్ని ఫోన్లలో ఉంటుంది, అది టెలికాయిల్ వాళ్లకు, దాన్ని ఆన్ చేయండి.

కోదాడ_కోడలు
మంగళవారం, మధ్యాహ్నం 3:10

మా అత్తమ్మకు బ్లూటూత్ కొనే తాహతు లేదు. సర్కారు కెళ్లి ఏమన్న దొరుకుతదా? ఎవరికన్న తెలిస్తే చెప్పుండ్రి.

వనపర్తి_చెవులు
మంగళవారం, సాయంత్రం 5:45

చెల్లె, దొరుకుతది. దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకం ఉంది, అలిమ్‌కో అనే కేంద్ర సర్కారు కంపెనీ వాళ్లు క్యాంపులు పెట్టి మిషన్లు ఇస్తరు. 60 ఏండ్లు దాటిన పేదింటి పెద్దోళ్లకు 2017ల మొదలైన వయోశ్రీ యోజన ఉంది, అందుల గూడ చెవి మిషన్ ఇస్తరు. కలెక్టరేట్‌ల దివ్యాంగులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఆఫీసుల అడిగితే క్యాంపు ఎప్పుడో చెప్తరు. పరీక్షకు హైదరాబాద్ పోగలిగితే కోఠి ఈఎన్‌టీ దవాఖాన ఉంది, సికింద్రాబాద్‌ల మనోవికాస్ నగర్ కాడ అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

సర్టిఫికెట్ కావాలంటే రెండు చెవులల్ల వినికిడి తగ్గుదల 60 డెసిబెల్ (శబ్దం బలం కొలత) నుంచి ఉంటే వినికిడి లోపం కింద లెక్క, 70 దాటితే బధిరులు అంటరు, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం. సదరం క్యాంపుల పరీక్ష చేస్తరు.

ఉచితంగ వచ్చేదాంట్ల బ్లూటూత్ ఆశించకుండ్రి. టెలికాయిల్ ఉందేమో అడుగుండ్రి. నేను పదేండ్లు దాంతోనే ఉద్యోగం చేసిన.

కల్వకుర్తి_పంతులు
మంగళవారం, రాత్రి 9:05

ఒక జాగ్రత్త చెప్పాలె. మా బాపుకు ఫోన్ల సరిగ్గ ఇనపడదు. ఇనపడనప్పుడు ‘ఆఁ, సరే, సరే’ అనుడు అలవాటు. ఎవరో బ్యాంకు నుంచి అని ఫోన్ చేసిండు. బాపు అన్నిటికి ‘సరే’ అన్నడు. చివరికి మెసేజ్‌ల వచ్చిన నంబరు అడిగితే, ఏందో అవసరం కావచ్చు అని చదివి చెప్పిండు. పొదుపు చేసుకున్న పైసలు పోయినయి. మేం సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేసే సరికి తెల్లారింది.

బాపు ఇప్పటికి బాధపడుతడు. ఇనపడక ‘సరే’ అన్నడు గని, తెలివి లేక కాదు. మీ ఇంట్ల పెద్దోళ్లకు ఒక్కటి చెప్పుండ్రి: తెలవని నంబర్‌ల మాట అందకపోతే ‘నాకు ఇనపడదు, మా బిడ్డకు చేయుండ్రి’ అని పెట్టేయమనుండ్రి. ‘సరే’ అనొద్దు.

మక్తల్_కృష్ణ_ఒడ్డు
మంగళవారం, రాత్రి 9:30

పంతులు సార్, ఇది నేను ఇప్పుడే అమ్మకు ఫోన్ చేసి చెప్పిన.

కోదాడ_కోడలు
బుధవారం, ఉదయం 8:20

ఇంకో చిన్న ఉపాయం. లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అని గూగుల్ వాళ్ల యాప్ ఉంది, తెలుగు గూడ రాస్తది. అత్తమ్మతోని మాట్లాడేటప్పుడు ఒక ఫోన్ల కాల్ స్పీకర్‌ల పెట్టి, రెండో ఫోన్ పక్కన పెడుతం. మాట్లాడుతుంటే అక్షరాలు పడుతుంటయి. మన యాస మాటలు కొన్ని తప్పు పడుతయి, ‘పోయిండు’ అంటే ఇంకేదో రాస్తది, అయినా అత్తమ్మ ఆరో తరగతి దాక చదువుకుంది కాబట్టి సదురుకుంటది. నెట్ మంచిగ ఉండాలె.

హాలియా_బిడ్డ
ఆదివారం, రాత్రి 10:05

వారం అయింది, ఏం జరిగిందో రాయాలె అని కూసున్న.

శుక్రవారం సెలవు పెట్టి ఊరికి పోయిన. ముందు నాయిన ఫోన్ చూసిన. పైన మాట వచ్చే జాలీ మీద స్క్రీన్ గార్డ్ సగం కప్పి ఉంది, మిగతా సగంల దుమ్ము గట్టిగ పేరుకుంది. గార్డ్ తీసి, ఎండు టూత్‌బ్రష్‌తోని రుద్దిన. అదొక్కటే చేసినందుకు సౌండ్ ఇంత పెరిగింది అని నాకే ఆశ్చర్యమైంది. వోల్టీ గూడ ఆఫ్‌ల ఉండె, ఆన్ చేసిన.

తర్వాత పక్కింట్ల కూసొని ఫోన్ చేసిన, అమ్మ నాయిన పక్కన నిలబడి ఫోన్ మెల్లగ జరిపింది. సార్ చెప్పినట్టే. చెవి పైభాగం మీద, అద్దాల పుల్ల కాడికి రాంగనే ‘ఆఁ, ఆడ్నే, ఆడ్నే ఉంచు’ అన్నడు. ఆ మాట నాకు ఫోన్ల కాదు, గోడ అవతలికెళ్లి ఇనపడ్డది. అమ్మ గోళ్లరంగుతోని ఫోన్ పై అంచుకు ఒక ఎర్ర చుక్క పెట్టింది. ఆ చుక్క అద్దాల పుల్లకు ఆనితే చోటు దొరికినట్టే.

శనివారం మిర్యాలగూడకు పోయి అదే దుకాణంల టెలికాయిల్ ఉందా అని అడిగినం. ఉంది. ఇన్ని రోజులు ఆన్ చేయలేదు. పెంచిన సౌండ్ తగ్గించి, ఫోన్‌కు వేరే ప్రోగ్రాం పెట్టిచ్చినం, గుండీ రెండుసార్లు ఒత్తితే మారుతది. కుడి చెవి అచ్చు వదులుంది, కొత్త దానికి కొలత ఇచ్చినం.

అంత సాఫీగ ఏం లేదు. నా మాట, అమ్మ మాట అందుతుంది. తమ్ముని మాట సగం అందుతుంది, వాడు గబగబ మాట్లాడుతడు. పాప సన్న గొంతు ఇంకా అందుతలేదు, దానికి వీడియో కాలే చేయిస్తున్నం, మొఖం చూస్తే అందుకుంటుండు. ప్రోగ్రాం మార్చుడు మరిచిపోయి ‘మిషన్ మళ్ల పోయింది’ అని ఒకసారి అన్నడు, అమ్మ గుర్తు చేసింది.

ఇయ్యాల ఏడున్నరకు హైదరాబాద్‌కెళ్లి ఫోన్ చేసిన. ‘నాయినా నేను, బస్సు ముచ్చట’ అని మొదలుపెట్టిన, వనపర్తి అన్న చెప్పినట్టు. పదకొండు నిమిషాలు మాట్లాడిండు. సాగర్ ఎడమ కాల్వకు నీళ్లు ఇడుస్తరా ఇడువరా అని, మా చిన్నాయన బర్రె ఈనిందని. అమ్మనే మధ్యల ఫోన్ అడిగింది, ఆగు అన్నడు.

వనపర్తి_చెవులు
ఆదివారం, రాత్రి 10:20

మస్తు సంతోషమైంది అక్కా. ఫోన్ మాట్లాడేటప్పుడు మిషన్ల సెల్లు అయిపోతే మధ్యల ఆగుతది, ఇంకో జత ఎప్పుడు జేబుల ఉంచమను. మీదేం సైజు?

హాలియా_బిడ్డ
ఆదివారం, రాత్రి 10:24

కాషాయ రంగు స్టిక్కర్ ఉన్నయి అన్నా, 13 నంబర్. నాయిన ఆ స్టిక్కర్లన్ని ఒకేసారి పీకి డబ్బాల ఏసి పెడుతుండు, తర్వాత తొందరగ దిగిపోతున్నయి. ఏమన్న తేడా ఉంటదా?

వనపర్తి_చెవులు
ఆదివారం, రాత్రి 10:31

అట్ల పీకొద్దు. అవి గాలి తగిలితే పనిచేసే సెల్లులు. స్టిక్కర్ పీకిన నిమిషం నుంచే దిగుడు మొదలైతది, వాడినా వాడకున్నా. ఏసే ముందే పీకి, రెండు మూడు నిమిషాలు గాలికి ఉంచి, తర్వాత మిషన్ల ఏసుకోమను. పడుకునేటప్పుడు మూత తెరిచి పెట్టమను.

హాలియా_బిడ్డ
ఆదివారం, రాత్రి 10:33

సరే అన్నా. రేపు ఏడున్నరకు నేనే చెప్త.